ఇంటి ఇన్వర్టర్ తీసి టెంపో ట్రావెలర్‌లో పెట్టుకోవచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరులో పాత టెంపో ట్రావెలర్ కొన్నావు, సీట్లు సగం తీసేసి మంచం, చిన్న వంటగట్టు పెట్టించావు, అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎక్కించుకుని కంచి, అరుణాచలం, రామేశ్వరం తిరిగి రావాలనుకుంటున్నావు. ఇంట్లో ఊరికే పడి ఉన్న 850 వీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ తెచ్చి వెనక సీటు కింద పెట్టి, ఇంజిన్ బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి చార్జింగ్ ఇస్తే చాలా, దానిమీద మిక్సీ, రైస్ కుక్కర్, ఫ్యాన్లు, అమ్మగారి ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ నడుస్తాయా అని అడిగావు.

చాలదు. అలా చేయొద్దు. ఎందుకు వద్దో కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఎందుకంటే ఇది సగం తెలుసుకుని చేసే పని కాదు. తిరుపతిలో ఇరవై ఏళ్ళకు పైగా బండ్ల వైరింగ్ చేస్తున్నాను. అంబులెన్సులు, క్యాటరింగ్ వ్యాన్లు, మైకు బండ్లు, ఈ మధ్య నీలాంటి వాళ్ళు చేయించుకునే క్యాంపర్ బండ్లు. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది "ఏ ఇన్వర్టర్ కొనాలన్నా?" అనే. బ్యాటరీకీ ఇన్వర్టరుకీ మధ్య ఎంత లావు వైరు పోతుంది, దానికి ఫ్యూజు ఎక్కడ పెడతావు అని అడిగినవాళ్ళు నాకు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే తగిలారు. బండి తగలబడేది మాత్రం ఆ వైరు దగ్గరే.

అసలు విషయం ఇది. ఇంట్లో 230 వోల్టుల మీద 1000 వాట్ల లోడు నడిస్తే వైరులో పోయేది నాలుగున్నర ఆంపియర్లు కూడా ఉండదు. అదే 1000 వాట్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగాలంటే 83 ఆంపియర్లు, ఇన్వర్టర్ లోపల పోయే నష్టం కలిపితే దాదాపు 95. మన ఇంటి మీటరు నుంచి వచ్చే మెయిన్ వైరులో కూడా అంత కరెంటు ఎప్పుడూ పోదు. 12 వోల్టులు కదా, ముట్టుకున్నా షాక్ కొట్టదు కదా అని అందరికీ ఒక ధీమా. షాక్ కొట్టదు, నిజమే. కానీ కాలుస్తుంది. పానా జారి బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మీద అడ్డం పడితే ఎర్రగా కాలి అక్కడే అతుక్కుపోతుంది. చేతికి ఉంగరమో కంకణమో ఉంటే తీసేసి పని మొదలుపెట్టు.

నువ్వు ఫోటోలో చూపించిన వైరు 4 స్క్వేర్, అంటే లోపలి రాగి మందం 4 చదరపు మిల్లీమీటర్లు. మూడు మీటర్ల దూరం, పోను రాను ఆరు మీటర్లు. ఆ వైరులో 80 ఆంపియర్లు పోతే రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. బ్యాటరీ దగ్గర 12.5 ఉంటే ఇన్వర్టర్ దగ్గర 10.4 కనబడుతుంది, అది కీచుమని అరిచి ఆగిపోతుంది, నువ్వేమో బ్యాటరీ పోయింది అనుకుంటావు. పోయిన ఆ రెండు వోల్టులు ఏమవుతున్నాయి? 160 వాట్లకు పైగా వేడి అయ్యి, నీ ఫ్లోరు మ్యాటు కింద, ప్లైవుడ్డు పక్కన, వైరు పొడుగునా కూర్చుంటున్నాయి. అదే 35 స్క్వేర్ రాగి కేబులు ఒకటిన్నర మీటరు లోపల పెడితే పోయేది 0.15 వోల్టు. అందుకే ఇన్వర్టరు ఎప్పుడూ బ్యాటరీకి దగ్గరగానే ఉండాలి. దూరం లాగాల్సి వస్తే 230 వోల్టుల వైరు లాగు, 12 వోల్టుల వైరు లాగొద్దు. మంచి రాగి వెల్డింగ్ కేబులైనా పనికొస్తుంది, మెత్తగా వంగుతుంది. ఒకటే చూసుకో, అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసిన కేబుళ్ళు అమ్ముతున్నారు. చివర కొంచెం కత్తిరించి కత్తితో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అది తీసుకోవద్దు.

ఇక ఫ్యూజు. ఇది నేను నా తప్పు వల్ల నేర్చుకున్నాను. పదేళ్ళ పైమాటే, ఒక క్యాటరింగ్ వ్యానుకు నేనే ఇన్వర్టర్ పెట్టాను. ఫ్యూజు ఇన్వర్టరులోనే ఉంది కదా అని బ్యాటరీ దగ్గర వేరేగా వేయలేదు. కేబులు ఫ్లోరు రేకుకు కొట్టిన రంధ్రంలోంచి పోయింది, రంధ్రానికి రబ్బరు బుష్ వేయలేదు. ఆ బండి పలమనేరులో ఒక పెళ్ళికి పోతూ మొగిలి ఘాట్ ఎక్కుతుండగా, నెలల తరబడి కుదుపులకు రాసుకుని రాసుకుని పలచబడిన ఇన్సులేషన్ ఆ రేకు అంచు మీద తెగిపోయింది. ప్లస్ వైరు బాడీకి తగిలింది. ఆ పరిమాణం బ్యాటరీ షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్లు దాటి వదులుతుంది. ఇన్వర్టరులోని ఫ్యూజు ఏం చేస్తుంది? షార్ట్ దానికి ముందే జరిగింది కదా, దానికి తెలియనే తెలియదు. వ్యానంతా పొగ. డ్రైవరు తెలివైనవాడు, బండి పక్కకు ఆపి తడి గోనెసంచి చేతికి చుట్టుకుని టెర్మినల్ లాగేశాడు. మనుషులకేం కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపు ఫ్యూజు లేకుండా ఒక్క బండీ నా చేతి నుంచి బయటకు పోలేదు.

ఫ్యూజు కాపాడేది వైరును, ఇన్వర్టరును కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకో. 1000 వాట్ల ఇన్వర్టరుకు 35 స్క్వేర్ కేబులు మీద 125 ఆంపియర్ల ఫ్యూజు సరిగ్గా సరిపోతుంది. బోల్టుతో బిగించే మెగా ఫ్యూజు గానీ ఏఎన్ఎల్ ఫ్యూజు గానీ తీసుకో. లిథియం బ్యాటరీ అయితే షార్ట్ కరెంటు ఇంకా ఎక్కువ, దానికి క్లాస్-టీ రకం మేలు. ఇంటి బోర్డులో వాడే మామూలు ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) తెచ్చి డీసీ వైపు, అంటే బ్యాటరీ వైపు, పెట్టేవాళ్ళను చూశాను. ఏసీ కరెంటు, అంటే ఇంట్లో వచ్చే కరెంటు, సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది, డీసీలో అలా ఆరదు, ఎంసీబీ లోపలే మంట పట్టుకునే ప్రమాదం ఉంది. దాన్ని అక్కడ పెట్టొద్దు.

బ్యాటరీ సంగతికి వస్తే, ఇంటి ట్యూబులర్ బ్యాటరీ కదలకుండా ఒకచోట కూర్చోవడానికి చేసింది. యాసిడ్‌తో కలిపి యాభై కిలోల పైనే ఉంటుంది. భాకరాపేట ఘాట్‌లో ఒక్కసారి గట్టిగా బ్రేకు కొడితే అది సీటు కింద ఉండదు, ముందుకొస్తుంది. మలుపుల్లో యాసిడ్ మూతల్లోంచి చిమ్ముతుంది. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మూసిన వ్యానులో పిల్లలు పడుకునే మంచం కింద అది పేరుకుంటే ఒక చిన్న రవ్వ చాలు. కరకంబాడిలో అంత పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు మనది, ఏ బ్యాటరీ దేనికి పనికొస్తుందో చెప్పే మనుషులు అడుగడుక్కీ దొరుకుతారు, అడుగు. దాన్ని ఇంట్లోనే ఉంచు, కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది. ఇంటి ఇన్వర్టరు కూడా అంతే. 850 వీఏ అని రాసి ఉన్నదానిమీద నిజంగా నడిచేది 700 వాట్లు దాటదు, నీ రైస్ కుక్కర్ ఒక్కటే దాన్ని మింగేస్తుంది.

వ్యానుకు రెండు దారులున్నాయి. ఒకటి సీల్డ్ ఏజీఎం బ్యాటరీ, అంటే యాసిడ్ చిమ్మకుండా మూసేసిన రకం. చవక, కానీ సగం కంటే ఎక్కువ వాడితే ఆయుష్షు తొందరగా పోతుంది, అంటే 100 ఏహెచ్ కొన్నా నీ చేతికొచ్చేది 50 మాత్రమే. రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 1280 వాట్ అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది), అందులో 1100 దాకా ధైర్యంగా వాడుకోవచ్చు, బరువు పన్నెండు కిలోల చుట్టూ ఉంటుంది. డబ్బు చేతిలో ఉంటే లిథియమే తీసుకో అంటాను. అయితే దాని లోపల బీఎంఎస్ అని బ్యాటరీని కాపాడే ఒక బోర్డు ఉంటుంది, చాలా 100 ఏహెచ్ బ్యాటరీల్లో అది 100 ఆంపియర్లకు మించి వదలదు. దానిమీద 2000 వాట్ల ఇన్వర్టరు పెట్టినా లోడు వేయగానే బీఎంఎస్ కట్ చేసేస్తుంది. కాబట్టి నీకు 1000 వాట్లే కొలత. 750 వాట్ల మిక్సీ స్టార్ట్ అయ్యేటప్పుడు రెండు మూడు రెట్లు లాగుతుంది, దానికి బదులు బండిలోకి 500 వాట్ల మిక్సీ ఒకటి పెట్టుకో, చట్నీ అదీ రుబ్బుతుంది.

ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే ఇంటి కరెంటు లాంటి కరెంటు ఇచ్చేదే, తీసుకో. స్క్వేర్ వేవ్, మాడిఫైడ్ వేవ్ రకాలు చవగ్గా వస్తాయి, వాటిమీద మోటార్లు గుర్రుమని వేడెక్కుతాయి, కొన్ని చార్జర్లు పాడవుతాయి.

రోజుకు ఎంత కావాలో లెక్క వేద్దాం. 25 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 500 వాట్ అవర్లు. లైట్లు 20 వాట్లు ఐదు గంటలు, 100. ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపి 150. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజు మొత్తానికి 600 వేసుకో, ఎండాకాలం ఇంకా ఎక్కువే. మిక్సీ పది నిమిషాలకు 80, 90. మొత్తం 1450 దగ్గర తేలింది. రైస్ కుక్కర్ అరగంటకు 350 అడుగుతుంది, అందుకే దాన్ని వదిలేయమంటున్నాను, అన్నం గ్యాస్ మీద కుక్కరులో వండుకోండి. ఇండక్షన్ స్టవ్ మాట ఎత్తొద్దు, అది 2000 వాట్ల మాట.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఫ్యాన్లు, లైట్లు, ఫోన్ చార్జర్లు, ఫ్రిజ్, ఇవన్నీ 12 వోల్టుల డీసీ రకాలు దొరుకుతాయి. అవి తీసుకుంటే ఇన్వర్టరుతో పనే లేదు. ఇన్వర్టరు ఊరికే ఆన్‌లో ఉన్నా పది పదిహేను వాట్లు తింటూనే ఉంటుంది, రోజంతా ఉంచితే 300 వాట్ అవర్ల దాకా గాలికి పోయినట్టే. ముఖ్యంగా ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టినా పాడే, వేడెక్కినా పాడే. అర్ధరాత్రి ఇన్వర్టరు ఓవర్‌లోడ్ అయి ఆగిపోతే ఫ్రిజ్ కూడా ఆగుతుంది, పొద్దున దాకా ఎవరికీ తెలియదు. అమ్మ మందు ఇన్వర్టరు మీద ఆధారపడకూడదు స్వామీ. డీసీ ఫ్రిజ్ కొను, బ్యాటరీ నుంచి నేరుగా వేరే ఫ్యూజుతో లైన్ ఇవ్వు, లోపల చిన్న థర్మామీటరు ఒకటి పెట్టు. అది అయ్యాక మిక్సీకి, ల్యాప్‌టాప్‌కు మాత్రమే ఇన్వర్టరు, కావాల్సినప్పుడు వేసుకుని అవ్వగానే ఆపేయడమే.

చార్జింగ్ సంగతి. ఇంజిన్ బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగితే రెండు కష్టాలు. బండి ఆపినప్పుడు నీ ఫ్యాన్లు ఇంజిన్ బ్యాటరీని కూడా పీల్చేస్తాయి, పొద్దున సెల్ఫ్ కొట్టదు. రెండోది ఎవరూ ఆలోచించరు: సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టార్టర్ మోటారు వందల ఆంపియర్లు అడుగుతుంది, అందులో కొంత నీ వెనక బ్యాటరీ నుంచి ఆ సన్నటి వైరు గుండానే ముందుకు పోతుంది. వైరు మాడేది అప్పుడే. మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ పెట్టు, 30 ఆంపియర్లది చాలు. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉంటే ఎంత ఇచ్చినా తాగేస్తుంది, నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ వేడెక్కి పోతుంది, ఈ చార్జర్ 30 దగ్గర పట్టి ఉంచుతుంది. ఇంజిన్ ఆగితే లైన్ తనే కట్ అయ్యేలా ఇగ్నిషన్ వైరు దానికి కలపాలి. ఈ లైన్‌కు రెండు కొనలా రెండు ఫ్యూజులు, ఎందుకంటే రెండు వైపులా బ్యాటరీలే. 16 స్క్వేర్ కేబులు వేయి. మూడు గంటలు బండి నడిస్తే 1100 వాట్ అవర్లకు పైగా వెనక్కి వస్తాయి, చిత్తూరు నుంచి అరుణాచలం పోయేసరికి బ్యాటరీ చాలావరకు నిండుతుంది. పైన 300 వాట్ల సోలార్ ప్యానెల్ కూడా వేస్తే మన ఎండకు మంచి రోజున 1000 దాటి వస్తుంది, రెండు రోజులు ఒకచోటే ఆగినా ఇబ్బంది ఉండదు. అన్నట్టు, నీ బండి 12 వోల్టులదే కదా, బ్యాటరీ మీద చూసుకో. లారీలు, పెద్ద బస్సులు 24.

ఇన్వర్టరు ఎక్కడ పెట్టాలి అంటే, గ్యాస్ సిలిండరు ఉన్న అరలో మాత్రం పెట్టొద్దు. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది, ఇన్వర్టరు లోపలి రిలే (తనంతట తనే పడే చిన్న స్విచ్) టక్‌మన్నా రవ్వే. సిలిండరు అరకు అడుగున బయటకు రంధ్రాలు ఉండాలి. ఇన్వర్టరును దానికి దూరంగా, నేలకు కొంచెం ఎత్తులో, చుట్టూ నాలుగు వేళ్ళ మందం గాలి ఆడేలా బోల్టులతో బిగించు. మే నెలలో తిరుపతిలో బయటే 42 డిగ్రీలు దాటుతుంది, ఎండలో నిలబెట్టిన వ్యాను లోపల ఇంకా ఎంత ఉంటుందో నీకే తెలుసు. చాలా ఇన్వర్టర్లు 40 దాటితే రాసినంత పవర్ ఇవ్వవు. ఆ వేడిలో లిథియం బ్యాటరీని చార్జ్ చేసినా ఆయుష్షు తగ్గుతుంది. సామాను మధ్య, దుప్పట్ల కింద దోపకు.

లగ్గులు, అంటే కేబులు కొనకు నొక్కే రంధ్రమున్న బిళ్ళలు, సుత్తితో కొట్టి నొక్కొద్దు. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ ఉన్న షాపుకు కేబులు తీసుకెళ్ళి కొలత ప్రకారం నొక్కించుకుని రా, మీద హీట్ ష్రింక్ ట్యూబు వేయించు. టెర్మినల్ మీద ముందు లగ్గు కూర్చోవాలి, దానిమీద వాషరు, దానిమీద నట్టు. వాషరు కింద పెట్టి లగ్గు పైన పెట్టే తప్పు అనుభవం ఉన్నవాళ్ళు కూడా చేస్తారు, కరెంటంతా ఆ స్టీలు వాషరు గుండా పోయి జాయింటు కాలుతుంది. రేకులోంచి పోయే ప్రతి రంధ్రానికీ రబ్బరు బుష్, దారి పొడుగునా కండ్యూట్, జానెడుకో క్లాంపు. నెగటివ్‌ను బాడీకి ఇచ్చి వదిలేయడం వద్దు, ప్లస్‌కు ఎంత లావు వేశావో దానికీ అంతే, నేరుగా బ్యాటరీకే వేయి. చేతికి అందే చోట ఒక బ్యాటరీ కటాఫ్ స్విచ్ పెట్టు, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించు, అమ్మగారితో సహా.

ఏసీ వైపు, అంటే ఇన్వర్టరు నుంచి వచ్చే 230 వోల్టుల వైపు, పని తక్కువే గానీ, అక్కడ ప్రాణం పోతుంది. ఇంటికి వాడే ఒంటి తీగ వైరు కుదుపులకు విరుగుతుంది, 2.5 స్క్వేర్ మల్టీస్ట్రాండ్ వేయి. డబుల్ పోల్ ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) పెట్టు. ఇక్కడే చాలామంది ఎలక్ట్రీషియన్లు మోసపోతారు. ఇంట్లో న్యూట్రల్, ఎర్త్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కలిసి ఉంటాయి కాబట్టి ఎవరికైనా షాక్ కొడితే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఇన్వర్టరు అవుట్‌పుట్‌లో న్యూట్రల్ ఎర్త్‌కు కలిసి లేకపోతే లీకైన కరెంటుకు తిరిగొచ్చే దారి లేదు, ఆర్‌సీసీబీ పడదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం పడుతుంది, ఆ బటన్ ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య పనిచేస్తుంది, ఎర్త్‌తో దానికి సంబంధం లేదు. అది చూసి అంతా బాగుందనుకోవద్దు. మరి న్యూట్రల్ బాడీకి కలిపేద్దామా అంటే అన్ని ఇన్వర్టర్లకూ కుదరదు, కొన్నింట్లో రెండు వైర్లలోనూ సగం సగం వోల్టేజీ ఉంటుంది, కలిపితే ఇన్వర్టరు పేలిపోతుంది. కంపెనీ పుస్తకంలో న్యూట్రల్ బాండింగ్, అంటే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపడం, చేయొచ్చని రాసి ఉన్న మోడలే కొను. ఎర్త్ పిన్నును చాసిస్‌కు గట్టిగా కలుపు.

లాడ్జి దగ్గరో ఇంటి దగ్గరో బయటి కరెంటు తగిలించుకోవాలంటే మధ్యలో చేంజ్ ఓవర్ స్విచ్ తప్పనిసరి, రెండు పోల్స్‌దీ. బయటి కరెంటు, ఇన్వర్టరు కరెంటు ఒక్క క్షణం కలిసినా ఇన్వర్టరు మిగలదు. బయటి లైన్‌లో ఉన్నప్పుడు న్యూట్రల్, ఎర్త్ బండిలో కలిసి ఉండకూడదు కూడా, కాబట్టి ఆ కలపడం చేంజ్ ఓవర్‌కు ఇన్వర్టరు వైపే ఉండాలి. ఈ ఏసీ పని ఒక్కటి మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు, పక్కన నిలబడి ఇవన్నీ అడుగు.

మొదటిసారి బ్యాటరీ కలిపేటప్పుడు ఇన్వర్టరు లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా చార్జ్ అయ్యి పెద్ద రవ్వ వస్తుంది, భయపడి వైరు వదిలేస్తావు. ఫ్యూజు ఆఖరున బిగించు, బిగించే ముందు ఫ్యూజు కూర్చునే రెండు బోల్టుల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి కాసేపు ఆనించు, కెపాసిటర్లు మెల్లగా నిండుతాయి, తర్వాత రవ్వ రాదు. ప్లస్, మైనస్ తారుమారైతే ఇన్వర్టరు ఆ క్షణమే పోతుంది, మల్టీమీటరుతో రెండుసార్లు చూసుకో.

తర్వాత 500 వాట్ల లోడు పదిహేను నిమిషాలు నడిపి, లోడు మీదే ఉండగా బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర వోల్టేజీ చూడు, ఇన్వర్టరు టెర్మినళ్ళ దగ్గర చూడు. తేడా 0.3 దాటితే ఎక్కడో జాయింటు బాగా లేదు. లోడు ఆపేసి ఒక్కో లగ్గు మీద వేలు పెట్టి చూడు, ఏది వేడిగా ఉంటే దాన్నే విప్పి మళ్ళీ చేయాలి.

ఆర్‌టీవో సంగతి కూడా అడిగావు కదా. సీట్లు తీసి మంచం వేయడం మార్పు కిందికే వస్తుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ళకు కూడా రాతపూర్వకంగా చెప్పు, రేపు ఏదైనా జరిగితే వాళ్ళు మొదట అడిగేది అదే.

రామేశ్వరం పోయే ముందు ఒక చిన్న ట్రిప్పు వేయండి. హార్స్‌లీ హిల్స్ ఎక్కి ఒక రాత్రి పడుకుని రండి, ఆ మలుపులూ కుదుపులూ చాలు ఏది వదులైందో బయటపెట్టడానికి. వచ్చాక కటాఫ్ స్విచ్ ఆఫ్ చేసి ప్రతి నట్టు మళ్ళీ పానాతో చూడు, మొదటి వంద కిలోమీటర్లలోనే అవి వదులవుతాయి. 125 ఆంపియర్ల ఫ్యూజు ఇంకొకటి, దానికి సరిపోయే పానాతో సహా డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకో, ఆ సైజు ఫ్యూజు దారిలో ఏ షాపులోనూ దొరకదు. ఇన్వర్టరు కొనేముందు వెనక ఉన్న లేబుల్, పుస్తకంలో న్యూట్రల్ గురించి రాసిన పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.